కోడులో తేదీల వరుస

ఒక ప్రారంభ తేదీ నుంచి ముగింపు తేదీ వరకు ప్రతి రోజునూ వరుసగా తీసుకుని, ఒక్కో రోజుకు ఒక పని చేయించే లూపు దాదాపు ప్రతి ప్రోగ్రామరూ ఏదో ఒకనాడు రాసేదే. హాజరు పట్టీ, వడ్డీ లెక్క, వానల రికార్డు, కాలువ నీటి పంపకం, పండుగ బందోబస్తు డ్యూటీ చార్టు అన్నీ దీనిమీదే నడుస్తాయి. లూపు రాయడం మూడు లైన్ల పని: తేదీని మొదటి రోజుకు పెట్టాలి, చివరి రోజు దాటనంతవరకు పని చేయాలి, తేదీకి ఒకటి కలపాలి. తప్పులు ఈ లైన్లలో తక్కువ. రోజు ఎక్కడ మొదలవుతుంది, చివరి రోజు లోపల ఉన్నట్టా బయట ఉన్నట్టా, అడుగు ఎంత, ఇది ఏ క్యాలెండరు అనే నాలుగు ప్రశ్నలను ముందుగా తేల్చుకోకపోవడం వల్లనే ఎక్కువ తప్పులు వస్తాయి. ఈ నాలుగింటికీ గోదావరి డెల్టాలో మంచి ఉదాహరణలు దొరుకుతాయి. పుష్కరాలు, ఆనకట్ట, పంచాంగం, రాగి శాసనాలు, విదేశీ కంపెనీల పద్దులు ఉన్న నేల కాబట్టి రోజులను లెక్కపెట్టే పద్ధతులు ఇక్కడ ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

చివరి రోజు

2015 గోదావరి పుష్కరాలు జులై 14న మొదలై జులై 25న ముగిశాయి. పుష్కరం పన్నెండు రోజులని అందరికీ తెలుసు. కానీ 25లోంచి 14 తీసేస్తే 11 వస్తుంది. రెండు తేదీల మధ్య తేడా అంటే మధ్యలో ఎన్నిసార్లు రోజు మారిందన్న లెక్క. ఎన్ని రోజులు గడిపామన్నది వేరే లెక్క, దానికి ఒకటి కలపాలి. నైరుతి రుతుపవన కాలం కూడా అంతే. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు 122 రోజులు, తీసివేత మాత్రం 121 చూపిస్తుంది. మొత్తం వానను 121తో భాగించిన పట్టిక పైకి సరిగ్గానే కనిపిస్తుంది, కాబట్టి ఆ పొరపాటు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు.

దీనికి ప్రోగ్రామింగు లోకం కనుక్కున్న మందు సగం తెరిచిన అవధి. మొదటి తేదీ లోపల, చివరి తేదీ బయట అని రాసుకోవడం. పుష్కరాన్ని జులై 14 నుంచి 26 వరకు అని, 26ను కలపకుండా రాస్తే తీసివేత నేరుగా 12 ఇస్తుంది. ఒక అవధి ముగిసిన చోటే తర్వాతిది మొదలవుతుంది, మధ్యలో రోజు తప్పిపోదు, రెండుసార్లు లెక్కకు రాదు. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982లో ఒక చిన్న నోట్‌లో పూర్ణాంకాల వరుసలకు ఇదే పద్ధతి మేలని వాదించాడు. ఆ వాదన తేదీలకూ అతికినట్టు సరిపోతుంది.

భాషలన్నీ ఒకే మాట మీద లేవు. పైథాన్‌లో రేంజ్ చివరి అంకెను వదిలేస్తుంది. జావా 9తో వచ్చిన డేట్స్‌అంటిల్ కూడా అంతే. పాండాస్‌లోని డేట్‌రేంజ్ రెండు కొసలనూ కలుపుకుంటుంది. రూబీలో రెండు చుక్కలు పెడితే చివరి రోజు లోపల, మూడు చుక్కలు పెడితే బయట. పీహెచ్‌పీలోని డేట్‌పీరియడ్ మామూలుగా చివరి తేదీని వదిలేస్తుంది, కలుపుకోవాలంటే చెప్పే వీలు 8.2 వెర్షన్‌తో వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లోనైతే రెండు అలవాట్లూ ఒకే కప్పు కింద ఉన్నాయి. వరుసను పుట్టించే జనరేట్‌సిరీస్ చివరి తేదీని ఇస్తుంది, తేదీల అవధిని దాచే డేట్‌రేంజ్ రకం మాత్రం దాన్ని సగం తెరిచిన రూపంలోకి మార్చి దాచుకుంటుంది. కొత్త భాషలో లూపు రాసేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే.

ఎస్‌క్యూఎల్‌లో బిట్వీన్ రెండు కొసలనూ కలుపుతుంది. కాలమ్‌లో తేదీ ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు. గంటలు, నిమిషాలు కూడా ఉంటే మాత్రం "జులై 25 వరకు" అన్న షరతు 25వ తేదీ అర్ధరాత్రి సున్నా గంటల దగ్గరే ఆగిపోతుంది. పుష్కరాల చివరి రోజున రాజమండ్రి ఘాట్లలో మునిగిన జనమంతా ఆ నివేదికలో ఉండరు. "జులై 14 లేదా ఆ తర్వాత, జులై 26 కన్నా ముందు" అని రాయడమే క్షేమం. లోపల సగం తెరిచిన అవధిని వాడుతూ, తెర మీద మాత్రం "14 నుంచి 25 వరకు" అని చూపించాలి. యాత్రికుడికి ఆ మాటలో 25 లోపలే ఉంది. అతని భాష మార్చుకోమని అడిగే హక్కు ప్రోగ్రామరుకు లేదు.

నెల దాటే అవధులు ఇంకో చిక్కు. 2003 పుష్కరాలు జులై 30 నుంచి ఆగస్టు 10 వరకు జరిగాయి. రోజు అంకెను మాత్రమే పెంచుకుంటూ పోయే లూపు 30, 31 తర్వాత 32కు వెళ్తుంది. పైథాన్ అక్కడే తప్పు చూపించి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ దాన్ని నిశ్శబ్దంగా ఆగస్టు 1గా సర్దేస్తుంది. ఆ సర్దుబాటు మీద ఆధారపడి రాసిన కోడు చాలానే ఉంది. జావాస్క్రిప్ట్ పాత డేట్ వస్తువులో నెలలు సున్నాతో మొదలవుతాయి, అంటే జులై 6. పైగా తేదీకి ఒకటి కలిపినప్పుడు కొత్త తేదీ పుట్టదు, ఉన్న వస్తువే మారుతుంది. కాపీ తీయకుండా దాన్ని జాబితాలో పన్నెండుసార్లు చేరిస్తే పన్నెండు గడుల్లోనూ ఒకే తేదీ కనిపిస్తుంది.

రోజు మొదలయ్యే చోటు

భారత వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తుంది. ఆ 24 గంటల వాన కొలిచిన రోజు తేదీ కింద నమోదవుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చిపెట్టిన తుపాను ఆ సాయంత్రం పొద్దుపోయాక కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. జనం గుర్తు పెట్టుకున్న తేదీ నవంబరు 6. ఆ రాత్రి కురిసిన వాన మాత్రం వాన పట్టికలో నవంబరు 7 వరుసలో ఉంటుంది. తుపాను తేదీతో వాన పట్టికను నేరుగా జోడించే లూపు అసలు కుంభవృష్టిని పట్టుకోలేదు.

ధవళేశ్వరం దగ్గర ప్రవాహం లెక్క మరో రకం. అక్కడి కాటన్ బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టు 16న 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. వరద వేళల్లో గంటగంటకూ కొలతలు తీస్తారు. వాటిని రోజువారీ గరిష్ఠాలుగా కుదించాలంటే రోజు ఎక్కడ తెగుతుందో చెప్పాలి. అర్ధరాత్రి దాటే వేళ వచ్చిన ఒకే ఉధృతి రెండు తేదీల్లోనూ గరిష్ఠంగా నిలబడుతుంది. దాన్ని రెండు వరదలుగా లెక్కపెట్టే ప్రమాదం అక్కడే ఉంది. "వరుసగా ఎన్ని రోజులు మొదటి హెచ్చరిక పైన ఉంది" అన్న ప్రశ్నకు జవాబు రోజు కోత మారితే మారుతుంది.

కంప్యూటరు తనంతట తానుగా తెచ్చే కోత ఇంకొకటి ఉంది. సర్వర్లు ఎక్కువగా ప్రపంచ ప్రామాణిక కాలంలో నడుస్తాయి. భారత కాలం దానికి ఐదున్నర గంటలు ముందు. అందుకే రాజమండ్రిలో జులై 14 అర్ధరాత్రి సున్నా గంటలు సర్వరుకు జులై 13 సాయంత్రం 6.30. భారత కాలంలో తయారైన ఆ తేదీని ప్రామాణిక కాలంలో రాసిన టెక్స్టుగా మార్చి మొదటి పది అక్షరాలు కోసుకుంటే ప్రతి తేదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది.

రోజుకు 86,400 సెకన్లు కలుపుకుంటూ పోయే లూపు రాజమండ్రిలో ఎప్పటికీ తప్పు చూపించకపోవచ్చు, ఎందుకంటే మన దేశంలో ఇప్పుడు గడియారం ముందుకూ వెనక్కూ జరగదు. అదే కోడును డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారి ఫోన్లో నడిపితే మార్చిలో ఒక రోజుకు 23 గంటలు, నవంబరులో ఒక రోజుకు 25 గంటలు ఉంటాయి. అర్ధరాత్రి నుంచి బయలుదేరిన లూపు నవంబరులో ఆ రోజునే మళ్లీ రాత్రి 11 గంటల దగ్గర తాకుతుంది, ఒక తేదీ రెండుసార్లు అచ్చవుతుంది. మన దగ్గరా ఈ మార్పు ఒకప్పుడు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు గడియారాలను గంట ముందుకు జరిపి ఉంచారు. సమోవా దేశమైతే 2011లో డిసెంబరు 30ని పూర్తిగా వదిలేసి 29 తర్వాత నేరుగా 31లోకి వెళ్లింది. గంటలు లేని, కాలమండలం లేని వట్టి తేదీ రకాన్ని వాడి, అందులో "ఒక రోజు" కలపడమే గడియారం మార్పులకు జవాబు. జావాలో 2014లో వచ్చిన లోకల్‌డేట్, పైథాన్‌లోని డేట్ అందుకోసమే ఉన్నాయి.

అడుగు

రోజుకొక అడుగు సులువు. వారపు సంతలకు ఏడు రోజుల అడుగు, అదీ సులువే. నెల అడుగుతో కష్టం మొదలవుతుంది. జనవరి 31కి ఒక నెల కలిపితే చాలా లైబ్రరీలు ఫిబ్రవరి 28 ఇస్తాయి. దానికి మళ్లీ నెల కలిపితే మార్చి 28. నెలాఖరు వాయిదా అలా మూడు రోజులు జారిపోయి ఇక వెనక్కి రాదు. ముందు వచ్చిన తేదీకి కలుపుకుంటూ పోకుండా, ప్రతిసారీ మొదటి తేదీకే ఒకటి, రెండు, మూడు నెలలు కలపాలి.

డెల్టాలో వ్యవసాయపు ఏడు జనవరిలో మొదలవదు. సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టుకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలం నుంచీ నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల ద్వారానే వెళ్తోంది. మొదటి పంట సార్వాకు నీరు జూన్‌లో వదులుతారు, రెండో పంట దాళ్వా ముగిశాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. నీటి లెక్కల ఏడు జూన్ 1 నుంచి మే 31 వరకు. కాబట్టి 2023 జూన్‌లో మొదలైన నీటి సంవత్సరానికి 366 రోజులు. 2023 లీపు సంవత్సరం కాదు కదా అని 365 గడులు పెట్టుకున్న ప్రోగ్రాముకు చివరి రోజు చోటు దొరకదు. నీరు తక్కువైన దాళ్వాలో వంతులవారీగా నీరిస్తారు. అక్కడ లూపు ఏ తేదీ ఏ కాలువ వంతో చెప్పాలి. మొదటి వంతు తేదీ నుంచి గడిచిన రోజులను వంతు పొడవుతో, ఆపై కాలువల సంఖ్యతో లెక్కగడితే చాలు. నెల మారినప్పుడల్లా వంతు మళ్లీ మొదటికి వచ్చేలా రాస్తే చివరి కాలువ రైతు నష్టపోతాడు.

పని దినాల అడుగుకు సెలవుల పట్టిక కావాలి, ఆ పట్టిక కాలంతో మారుతుంది. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవులైంది 2015 సెప్టెంబరు 1 నుంచి. అంతకు ముందటి ఏళ్లకు ఆ నియమాన్ని వర్తింపజేస్తే లెక్క తప్పుతుంది. జిల్లాలూ అంతే. 2022 ఏప్రిల్ 4కు ముందు తూర్పు గోదావరి అంటే కోనసీమ, కాకినాడ కలిసిన పెద్ద జిల్లా. ఆ తేదీ మీదుగా నడిచే ఏ లూపైనా ప్రతి రోజుకూ ఆ రోజున అమల్లో ఉన్న హద్దులనే వాడాలి.

ఇక పుష్కరం. పన్నెండేళ్లకోసారి వస్తుందంటాం, పన్నెండేళ్లు కలిపితే తేదీ రాదు. 2003లో జులై 30, 2015లో జులై 14, 2027లో జూన్ 26. మొదటి రెండింటి మధ్య 4,367 రోజులు, తర్వాతి రెండింటి మధ్య 4,365. బృహస్పతి సింహరాశిలోకి అడుగుపెట్టిన రోజే గోదావరి పుష్కర ప్రారంభం. ఆ గ్రహం సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టేది సుమారు 11.86 ఏళ్లు. భూమి మీంచి చూస్తే వక్రగతి కూడా ఉంటుంది కాబట్టి అంతరం ప్రతిసారీ ఒకేలా ఉండదు. అప్పుడప్పుడు పన్నెండేళ్ల బదులు పదకొండేళ్లకే వస్తుంది. బృహస్పతి మీదే ఆధారపడే హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లో జరిగింది ఇందుకే. ఇలాంటి వరుసకు స్థిరమైన అడుగు లేదు. రోజు తర్వాత రోజు నడుస్తూ గ్రహస్థానాన్ని అడగాలి, లేదా నిర్ణయమైన తేదీలను పట్టికగా పెట్టుకోవాలి.

లేని వరుసలు

రికార్డుల మీద లూపు నడపడం, తేదీల మీద లూపు నడపడం ఒకటి కాదు. వాన పడని రోజు నమోదు లేకపోతే ఆ రోజు పట్టికలోనే ఉండదు. కొలత తీయని రోజూ ఉండదు. రెండూ ఖాళీలే, అర్థాలు మాత్రం వేరు. అందుకే ముందు రుతుపవన కాలపు 122 తేదీల పూర్తి వరుసను పుట్టించి, దానికి రికార్డులను అతికించి, మిగిలిన ఖాళీలను ఒక్కొక్కటిగా సున్నాగానో, తెలియదుగానో గుర్తించాలి. పెద్ద డేటాబేసులు ఇందుకోసం ప్రతి రోజుకూ ఒక వరుస ఉన్న క్యాలెండర్ పట్టికను శాశ్వతంగా ఉంచుకుంటాయి.

అలాంటి పట్టిక కంప్యూటర్లకు ముందే ఉంది. మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి ఎల్.డి. స్వామికన్ను పిళ్లై తయారుచేయగా 1922లో వెలువడిన ఇండియన్ ఎఫెమెరిస్, క్రీ.శ. 700 నుంచి 1799 వరకు రోజుల వారీగా తిథులను ఇంగ్లీషు తేదీలకు జోడించింది. ద్రాక్షారామం లాంటి చోట్ల శాసనాల తేదీలు తేల్చేవారికి అది ఏళ్ల తరబడి దారి చూపింది.

రాజరాజు పట్టాభిషేకం ఏ వారం

రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేక తిథిని కోరుమిల్లి తామ్రశాసనం చెబుతుంది: శక సంవత్సరం 944, సూర్యుడు సింహరాశిలో, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రం. పండితులు దీన్ని క్రీ.శ. 1022 ఆగస్టు 16గా తేల్చారు. ఆ తేదీని పైథాన్‌కు ఇచ్చి వారం అడిగితే శుక్రవారం అంటుంది.

శాసనం తప్పు కాదు, పండితులూ తప్పు కాదు. చరిత్రకారులు 1582కు ముందటి తేదీలను జూలియన్ క్యాలెండరులో రాస్తారు. పైథాన్, పోస్ట్‌గ్రెస్, జావాలోని కొత్త తేదీ రకాలు గ్రెగోరియన్ నియమాన్నే ఆదికాలం దాకా వెనక్కి సాగదీస్తాయి. పదకొండో శతాబ్దంలో ఆ రెండింటి మధ్య తేడా ఆరు రోజులు. గ్రెగోరియన్ లెక్కలో పట్టాభిషేకం ఆగస్టు 22, ఆ రోజు గురువారమే. జావా పాత గ్రెగోరియన్‌క్యాలెండర్ మాత్రం 1582 అక్టోబరు 15 దగ్గర క్యాలెండరు మారుస్తుంది.

పదిహేడో శతాబ్దంలో డెల్టాలోనే ఒకే రోజుకు రెండు తేదీలు ఉండేవి. పాలకొల్లులో డచ్చి కంపెనీ గిడ్డంగి, నరసాపురం పక్క మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగి. హాలండు 1583 నుంచే గ్రెగోరియన్ తేదీలు వాడింది. ఇంగ్లీషువాళ్లు 1752 దాకా జూలియన్‌లోనే ఉన్నారు. అప్పటి వరకు వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కూడా. ఒకే ఓడ ఒకే రోజున రేవులోకి వస్తే ఇంగ్లీషు పద్దులో తేదీ పది రోజులు వెనక ఉంటుంది, జనవరి నుంచి మార్చి 24 మధ్యలోనైతే సంవత్సరం కూడా వేరుగా ఉంటుంది. 1752లో ఇంగ్లీషువాళ్లు సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 రాశారు. యూనిక్స్‌లో క్యాల్ ఆదేశం ఆ నెలకు ఇప్పటికీ 19 రోజులే అచ్చు వేస్తుంది. పైథాన్‌లో ఆ నెల మీద లూపు నడిపితే 30 రోజులు వస్తాయి. ఇంగ్లీషు కంపెనీ పద్దులో అందులో పదకొండు రోజులకు పేజీయే లేదు.

ఈ గందరగోళానికి మన సిద్ధాంత జ్యోతిషం చాలా ముందే చక్కని దారి కనిపెట్టింది. అదే అహర్గణం. కలియుగం ఆరంభమైన క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 నుంచి గడిచిన రోజుల మొత్తం. నెలలు, సంవత్సరాలు, అధిక మాసాలు ఏవీ లేని ఒకే అంకె. గ్రహస్థానాలన్నీ దాని నుంచే గుణిస్తారు. 2015 పుష్కరాల తొలి రోజు అహర్గణం 18,68,752. దాన్ని ఏడుతో భాగిస్తే శేషం 4. కలి శుక్రవారం మొదలైంది కాబట్టి శుక్రవారం నుంచి నాలుగు రోజులు ముందుకు వెళితే మంగళవారం, ఆ రోజు నిజంగా మంగళవారమే. రాజరాజు పట్టాభిషేక దినం 15,06,105, శేషం 6, గురువారం.

కంప్యూటర్లు వాడేదీ అచ్చంగా ఇదే, మొదలు మాత్రం వేరు. అదే జులై 14 పైథాన్ లోపల 7,35,793, యూనిక్స్‌లో 1970 నుంచి లెక్కిస్తే 16,630, ఎక్సెల్‌లో 42,199. వీటి మధ్య తేడాలు ఎప్పటికీ మారవు. ఎక్సెల్‌కు మాత్రం మొదట్లో ఒక మచ్చ ఉంది. 1900లో లేని ఫిబ్రవరి 29ని అది లెక్కలో ఉంచింది, కాబట్టి ఆ ఏడాది మార్చి 1కి ముందున్న అంకెలు ఒకటి తేడాగా ఉంటాయి. అహర్గణంలోనూ రోజు ఎక్కడ మొదలన్న వాదం ఉండేది. అర్ధరాత్రి నుంచి లెక్కించేది ఒక పద్ధతి, సూర్యోదయం నుంచి లెక్కించేది మరో పద్ధతి. ఆర్యభటుడి పేరు మీద రెండూ ఉన్నాయి. ఎడ్వర్డ్ రైన్‌గోల్డ్, నాచుమ్ డెర్షోవిట్జ్ 1997లో తొలిసారి పుస్తకంగా తెచ్చిన క్యాలెండ్రికల్ క్యాలిక్యులేషన్స్ ప్రపంచంలోని అనేక క్యాలెండర్లను ఇలాంటి ఒకే రోజు అంకె మీదుగా కలుపుతుంది. హిందూ క్యాలెండర్లు కూడా అందులో ఉన్నాయి.

తిథుల మీద లూపు

పంచాంగంలో "తర్వాతి తిథి" అన్నది "తర్వాతి రోజు" కాదు. తిథి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతుంటుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు ఆ పేరు. కొన్ని తిథులు రెండు సూర్యోదయాల మధ్యే పుట్టి ముగిసిపోతాయి, అవి క్షయ తిథులు. కొన్ని రెండు సూర్యోదయాలను తాకుతాయి, అవి వృద్ధి తిథులు. ఏడాదికి సుమారు 371 తిథులు, రోజులు 365. కాబట్టి క్షయ తిథులు వృద్ధి తిథుల కన్నా ఏటా ఆరింటిదాకా ఎక్కువ. రోజుకొక తిథి పెంచుకుంటూ పోయే లూపు సాధారణంగా రెండు పక్షాలు దాటేలోపే పంచాంగం నుంచి విడిపోతుంది.

నెల పేరు కూడా కీగా పనికిరాదు. 2015 పుష్కరాలు అధిక ఆషాఢ బహుళ త్రయోదశినాడు మొదలై, నిజ ఆషాఢంలో ముగిశాయి. నెల పేరు, పక్షం, తిథి మాత్రమే దాచుకునే పట్టికలో అధిక, నిజ ఆషాఢాల రెండు త్రయోదశులు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. అధికమా నిజమా అన్న గుర్తు విడిగా ఉండాలి. 1963–64లోనూ 1982–83లోనూ వచ్చిన క్షయ మాసాల్లోనైతే ఒక నెల పూర్తిగా లేకుండా పోయింది. పన్నెండు నెలల పేర్లను వరుసగా తిప్పే కోడుకు ఆ ఏళ్లలో దొరకని నెల ఒకటి ఉంటుంది.

పనిచేసే పద్ధతి ఒకటే. లూపు అహర్గణం మీద, అంటే మామూలు రోజుల మీద నడవాలి. ప్రతి రోజుకూ ఆ ఊరి సూర్యోదయ సమయం గుణించి, అప్పటి తిథి ఏదో అడగాలి. సూర్యోదయం ఊరితో మారుతుంది కాబట్టి జవాబూ మారుతుంది. మాఘ శుద్ధ ఏకాదశినాడు అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కదిలే తేదీ, అమెరికాలోని తెలుగు కుటుంబం ఏకాదశి ఉపవాసం ఉండే తేదీ ఎప్పుడూ ఒకటే కానక్కరలేదు. ఏకాదశి కోసం వెతికే కోడు సూర్యోదయాన ఏకాదశి తగలని సందర్భాన్ని కూడా చూసుకోవాలి. అప్పుడు దశమి తర్వాత నేరుగా ద్వాదశి వస్తుంది, వెతుకుతున్న తేదీ ఆ రెండింటిలో దేనికి చెందుతుందో ధర్మశాస్త్ర నియమం ప్రకారం వేరుగా రాయాలి.